విజ్ఞాన సర్వస్వంలో మన వాటా



తెలుగు వికీపీడియా తెరిచి కోనసీమలోని ఏదైనా ఒక గ్రామం పేరు కొట్టి చూడండి. ఆ ఊరి పేజీ వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఎన్ని ఇళ్ళు, ఎంతమంది జనం, ఎంత సాగుభూమి, బడి ఎక్కడ, ఆసుపత్రి ఎంత దూరం అనే వివరాలు చాలా పేజీల్లో వరుసగా కనిపిస్తాయి. ఆ వరుసలోనే షెడ్యూల్డ్ కులాల వారి సంఖ్య ఇంత అని ఒక వాక్యం ఉంటుంది. చాలా ఊళ్ళ పేజీల్లో మన గురించి ఉన్నది ఆ ఒక్క వాక్యమే. మన పేటకు బడి ఎలా వచ్చింది? కొబ్బరి తోటల్లో దింపు తీసేవారి బతుకేమిటి? 1996 తుఫానులో లంకల్లోని పేటలు ఏమయ్యాయి? ఇవి ఆ పేజీల్లో ఉండవు. సంఖ్యగా ఉన్నాం, చరిత్రగా లేము.

ఇది ఎవరో కావాలని చేసిన అన్యాయమని మేము అనడం లేదు. జనాభా లెక్కల్లో ఉన్నదాన్ని ఉన్నట్టు ఎక్కించారు. లెక్కల్లో లేనిదాన్ని ఎక్కించాలంటే ఆ ఊరి సంగతి తెలిసినవాళ్ళు పూనుకోవాలి. తెలిసినవాళ్ళలో మనమూ ఉన్నాం కదా!

ఈ మధ్య వికీపీడియాలో స్వచ్ఛందంగా రాసేవారి ప్రాంతీయ సమావేశం ఒకదానికి మన వసతిగృహం పూర్వ విద్యార్థులం ముగ్గురం వెళ్ళి వచ్చాం. ముగ్గురమూ పి.జి. చదువుతున్నవాళ్ళమే. మూడిళ్ళలోనూ డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనుషులం మేమే. అక్కడ చూసినదాన్ని బట్టి మాకు గట్టిగా అనిపించిన మాట ఒకటి ఉంది. ఇలాంటి సమావేశాలకు మన హాస్టళ్ళ నుంచి ఏటేటా పిల్లలు వెళ్ళాలి. ఊరికే చూసి రావడానికి వెళ్ళడం కాకుండా, తాము రాసిన పనిని చేతిలో పట్టుకుని వెళ్ళాలి. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

తెలుగులో విజ్ఞాన సర్వస్వం కావాలన్న కోరిక నేటిది కాదు. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. ఆ తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పనికి పూనుకున్నారు. మూడు సంపుటాలు వచ్చేసరికి ఇంకా అకారం దగ్గరే ఉన్నారు. 1923లో ఆయన కన్నుమూశారు. అంతటి పండితుడు జీవితమంతా ధారపోసినా పని మొదటి అక్షరం దాటలేదంటే ఆ బరువు ఎంతటిదో ఊహించుకోండి.

ఆ బరువును తలా కొంత పంచుకునే మార్గం వికీపీడియాతో వచ్చింది. ఇంగ్లీషు వికీపీడియా 2001 జనవరి 15న మొదలైంది. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు శ్రీకారం చుట్టారు. నేడు అందులో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. రాసేవారికి జీతం లేదు. చదివేవారికి రుసుము లేదు. ప్రకటనలు లేవు. లాభాపేక్ష లేని వికీమీడియా ఫౌండేషన్ విరాళాలతో దీన్ని నడిపిస్తుంది.

మన జూనియర్ల కోసం దాని పద్ధతి కొంచెం చెబుతాము. ఎవరైనా రాయవచ్చు, ఎవరు రాసినదాన్ని ఎవరైనా దిద్దవచ్చు. ఎవరు ఏ రోజున ఏ అక్షరం మార్చారో ప్రతి వ్యాసానికీ ఉండే చరిత్ర పేజీలో నమోదవుతుంది. తేడా వస్తే వాదించుకోవడానికి చర్చ పేజీ ఉంది. అందరికీ సంబంధించిన విషయాలు మాట్లాడుకునే చోటుకు రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. మరీ చిన్న వ్యాసాన్ని మొలక అంటారు. మన ఊళ్ళలో రచ్చబండ దగ్గర ఎవరు కూర్చోవాలో, ఎవరు దూరంగా నిలబడాలో మన తాతలకు బాగా తెలుసు. ఈ రచ్చబండ దగ్గర మాత్రం కూర్చోమని ఎవరూ పిలవనక్కరలేదు, లేవమనే హక్కూ ఎవరికీ లేదు. అయితే మాట్లాడే ప్రతి మాటకూ ఆధారం చూపాలి. ప్రొఫెసర్ అయినా, పదో తరగతి పిల్లవాడైనా అదే నియమం.

ఇలా ఎక్కడెక్కడో కూర్చుని రాసేవాళ్ళు అప్పుడప్పుడు ఒకచోట కలుస్తారు. 2014 ఫిబ్రవరిలో విజయవాడలో తెలుగు వికీపీడియా దశాబ్ది ఉత్సవాలు జరిగాయి. మరుసటి ఏడాది తిరుపతిలో కలిశారు. 2023 ఏప్రిల్‌లో దేశం మొత్తానికి చెందిన వికీ సమావేశం హైదరాబాదులో జరిగింది. 2024 జనవరిలో విశాఖపట్నంలో ఇరవయ్యో వార్షికోత్సవం, 2025 ఫిబ్రవరిలో తిరుపతిలో తెవికీ పండగ జరిగాయి. బాగా కృషి చేసినవారికి కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు మీద పురస్కారం ఇచ్చే సంప్రదాయం కూడా ఉంది.

“ఇంట్లో కూర్చుని ఫోనులో రాసుకునే పనికి అంత దూరం పోవడం దేనికిరా?” అని మా ఇళ్ళల్లో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి మా సమాధానం ఇది.

మొదటిది, పక్కన కూర్చుని నేర్చుకునే విద్య త్వరగా వస్తుంది. ఆధారాన్ని వ్యాసంలో ఎలా చేర్చాలి, ఫోటో ఎలా ఎక్కించాలి, తెలుగు టైపింగు ఏ పద్ధతిలో సులువు అనేవి వారం రోజులు ఒంటరిగా తంటాలు పడితే వచ్చేవి. తెలిసినవాళ్ళు పక్క కుర్చీలో ఉంటే అరగంటలో వచ్చేస్తాయి.

రెండవది, భయం పోతుంది. కొత్తగా రాసినవారి వ్యాసాన్ని ఆధారాలు లేవని ఎవరైనా తొలగిస్తే చాలామంది అక్కడితో ఆగిపోతారు. మనకైతే ఆ దెబ్బ ఇంకాస్త లోతుగా తగులుతుంది. తరతరాలుగా “నువ్వు ఆగు” అన్న మాట విన్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం కదా! తొలగించిన మనిషిని ఎదురుగా చూసి, టీ తాగుతూ కారణం అడిగితే అది మన మీద కోపం కాదనీ, ఆ నియమం ఆయనకూ వర్తిస్తుందనీ తెలుస్తుంది. అప్పుడు మళ్ళీ రాస్తాం.

మూడవది, మర్యాద. తెలుగు వికీపీడియాలో ఒకరినొకరు గారు అని పిలుచుకోవడం అలవాటు. అరవై ఏళ్ళ రిటైర్డ్ ఉద్యోగి ఇరవై ఏళ్ళ విద్యార్థిని కూడా గారు అనే అంటారు. ఒరేయ్, ఏరా అనే పిలుపుల మధ్య పెరిగిన మనకు అది చిన్న విషయం కాదు. మమ్మల్ని అక్కడ ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న, “మీరు ఏ వ్యాసం మీద పని చేస్తున్నారు?” అన్నది. మా నాన్న ఏం చేస్తారని గాని, మా ఇంటిపేరేమిటని గాని అడగలేదు. మనిషిని చేసిన పనితో గుర్తించే చోట ఒక రోజు గడిపినా నడుము నిటారుగా అవుతుంది.

అయితే మిత్రులారా, మొహమాటం లేకుండా ఇంకో మాట కూడా చెప్పాలి. సంచీ, సర్టిఫికెట్టు, గ్రూప్ ఫోటో తెచ్చుకుని ఊరుకుంటే ఆ ప్రయాణం దండగ. పైగా ఇలాంటి సమావేశాలకు ప్రయాణ ఖర్చులిచ్చి పిలిచేటప్పుడు అప్పటిదాకా ఎంత కృషి చేశారో చూసి ఎంపిక చేయడం మామూలు. అది సరైన పద్ధతే. కానీ కృషి చేయడానికి ఫోను, నెట్టు, తీరిక కావాలి. అవి లేని పిల్లలకు కృషి లెక్కలోకి రాదు. లెక్కలోకి రానివారికి పిలుపు రాదు. పిలుపు రానివారికి నేర్పేవారు దొరకరు. ఈ గొలుసును ఎక్కడో ఒకచోట మనమే తెంపాలి. అమలాపురానికి నేటికీ రైలు లేదు. ఎక్కడికి వెళ్ళాలన్నా బస్సెక్కి రావులపాలెమో, రాజమహేంద్రవరమో, కాకినాడో చేరాలి. రాజోలు, సఖినేటిపల్లి వైపు పిల్లలైతే ఇంకా దూరం. అదంతా డబ్బుతో పని. దానికి ఏం చేయవచ్చో చివర చెబుతాము.

ఇప్పుడు అసలు చిక్కు. వికీపీడియాలో రాయాలంటే అచ్చయిన ఆధారం కావాలి. పుస్తకమో, పత్రికో, ప్రభుత్వ నివేదికో చూపాలి. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో బలుసుతిప్ప, భైరవపాలెం వైపు ఎందరు మత్స్యకారులు పోయారో, లంకల్లో గుడిసెలు ఎలా కొట్టుకుపోయాయో మన నాయనమ్మలు కళ్ళకు కట్టినట్టు చెబుతారు. ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారని రికార్డులున్నాయి. కానీ నాయనమ్మ చెప్పింది ఆధారంగా చెల్లదు. మనవాళ్ళలో ఎక్కువమంది చరిత్ర నోటిమాటగానే ఉంది, అచ్చులో లేదు. మరి ఈ నియమం మనల్ని బయటే ఉంచదా?

ఈ ప్రశ్న మనకొక్కరికే వచ్చింది కాదు. 2011లో మన దేశంలోనూ, దక్షిణాఫ్రికాలోనూ మౌఖిక ఆధారాల మీద ఒక ప్రయోగం చేశారు. మలయాళం, హిందీ, ఉత్తర సోతో భాషలు మాట్లాడే పల్లె ప్రజల మాటలను రికార్డు చేసి వికీపీడియా వ్యాసాలకు ఆధారంగా వాడవచ్చా అని పరీక్షించారు. అయినా అచ్చు ఆధారమే ముఖ్యమన్న నియమం అలాగే నిలిచింది.

మా అభిప్రాయంలో ఆ నియమం మీద అలగడం వల్ల ప్రయోజనం లేదు. ఆలోచిస్తే అది మనకు రక్షణ కూడా. ఆధారం అక్కరలేదంటే మన పేటల గురించి ఎవరికి తోచింది వారు రాసిపోతారు. అప్పుడు అడ్డుకునేందుకు మన చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి మనం చేయవలసినవి రెండు పనులు. ఉన్న ఆధారాలను వెతికి వాడుకోవాలి. లేని చోట ఆధారాలను తయారు చేయాలి. అంటే పెద్దల మాటలను తేదీతో, ఊరితో రికార్డు చేసి, పరిశోధకులకో, పత్రికలకో అందించి, అవి సరిచూసి అచ్చులోకి వచ్చేలా చూడాలి. అచ్చయిన తరువాత అదే ఆధారమవుతుంది. మనం పి.జి.లో, పిహెచ్.డి.లో రాసే పరిశోధనలకు మన ఊళ్ళనే అంశంగా తీసుకుంటే సగం పని అయినట్టే.

ఉన్న ఆధారాలూ తక్కువేమీ కావు. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న గారిని తీసుకోండి. ‘గుడిసెలు కాలిపోతున్నాయి’ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. 2001లో పద్మభూషణ్ వచ్చింది. పాలేరు కుర్రవాడు చదువుకుని అధికారి అయ్యే కథతో ఆయన రాసిన ‘పాలేరు’ నాటకం మనబోటి పిల్లలందరి కథ. ఆయన ఒక్కొక్క రచన గురించీ, దాని మీద వచ్చిన విమర్శల గురించీ ఎంత రాసినా మిగులుతుంది. ఎదుర్లంకలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి గారు 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ పీఠమెక్కిన మొదటి దళితుడు ఆయనే. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. ఆయన మీద పార్లమెంటు రికార్డులే కావలసినన్ని ఉన్నాయి. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ గొట్టం పేలింది. ఇవన్నీ పత్రికలు రాసిన సంగతులే. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో పాత పుస్తకాలున్నాయి. సెలవుల్లో నాలుగు రోజులు కూర్చుంటే బోలెడంత దొరుకుతుంది.

మాటల సంగతీ అంతే. దింపు, వలుపు, కురిడీ, పంటు, లంక, రేవు వంటి మాటలు మనకు పుట్టుకతో వచ్చినవి. కొబ్బరి గురించి రాసేవారు కాయ గురించి, నూనె గురించి రాస్తారు. చెట్టెక్కే మనిషి గురించి, కాయ వలిచే మనిషి గురించి రాయాలన్న ఆలోచన ఆ పని చేసే ఇంటి పిల్లలకు ముందుగా వస్తుంది. “మా తెలుగు అంత బాగుండదు” అని వెనక్కి తగ్గే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మేము చెప్పేది ఇదే. అక్షరదోషాలు దిద్దేవారు చాలామంది ఉన్నారు. విషయం తెలిసినవారు కొద్దిమందే.

ఇక తటస్థత. ఇది మనకు కష్టమైన పాఠం. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే నెలలో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రభుత్వం ప్రాథమిక ప్రకటన ఇచ్చింది. మే 24న అమలాపురంలో నిరసన హింసగా మారి ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు తగలబడ్డాయి. కొన్ని రోజులు ఇంటర్నెట్ నిలిపివేశారు. ఆగస్టులో ఆ పేరే ఖాయమైంది. ఆ రోజుల గురించి మనకు చెప్పుకోవలసింది చాలా ఉంది. దాన్ని కవితగా రాయవచ్చు, సభలో మాట్లాడవచ్చు, ఇలాంటి సంచికల్లో నిలదీయవచ్చు. వికీపీడియాలో మాత్రం ఏ తేదీన ఏం జరిగింది, ఎవరేమన్నారు, ఏ పత్రిక ఎప్పుడు రాసింది అన్నంతవరకే రాయాలి. మనకు నచ్చని వాదాన్ని కూడా ఉన్నదున్నట్టు రాయాలి. ఇరవై ఏళ్ళ తరువాత ఈ జిల్లా పిల్లలు ఆ పేజీ చదువుతారు. అది తిట్లతో నిండి ఉంటే ఎవరూ నమ్మరు. తేదీలతో, ఆధారాలతో ఉంటే ఎవరూ చెరపలేరు. నిజం గట్టిగా ఉన్నచోట విశేషణాలతో పని తక్కువ.

“ఇదంతా బాగానే ఉంది. డీఎస్సీ, గ్రూప్స్ చదువుకోవలసిన పిల్లల్ని జీతం లేని చాకిరీకి పంపుతారా?” అని అడిగే పెద్దలున్నారు. ఈ మాటను తేలిగ్గా తీసేయలేము. కూలి లేని పనిని మన తాతలు వెట్టి అన్నారు. ఆ మాట వింటేనే మనకు ఒళ్ళు మండుతుంది. కాని వెట్టిలో పని ఏమిటో ఇంకొకరు నిర్ణయిస్తారు, ఫలితం ఇంకొకరు పట్టుకుపోతారు. ఇక్కడ ఏం రాయాలో మనం నిర్ణయించుకుంటాం, ఎప్పుడు మానాలో కూడా మన ఇష్టమే. ఫలితం మన ఊరి పిల్లలకు ఉచితంగా అందుతుంది. అయినా ఒక హద్దు పెట్టుకోవాలి. పరీక్షల ముందు ఎవరూ దీని జోలికి పోవద్దు. కూలికి వెళ్ళి ఇల్లు నడిపే పిల్లల మీద ఈ బరువు పెట్టవద్దు. మొదటి బరువు ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులది, ఆ తరువాత మాలాంటి పి.జి. వాళ్ళది.

ఇంకో సంగతి గమనించండి. ఇప్పుడు ఫోనులో ప్రశ్న వేస్తే టకటకా జవాబు చెప్పే యంత్రాలు వచ్చాయి. అవి కూడా వికీపీడియా వంటి చోట్ల ఉన్న రాతల నుంచే నేర్చుకుంటాయి. అక్కడ మన గురించి లేనిది రేపు వాటి జవాబుల్లోనూ ఉండదు. ఇక మా సూచనలు.

ఒకటి: మన హాస్టల్లో ఐదుగురితో ఒక బృందం ఏర్పడాలి. వార్డెన్ గారి అనుమతితో ఆదివారం రెండు గంటలు చాలు. మొదట అక్షరదోషాలు దిద్దడం, తరువాత మన ఊరి కాలవ, గన్నవరం అక్విడక్టు, ఎదుర్లంక వారధి ఫోటోలు సొంతంగా తీసి ఎక్కించడం, ఆ తరువాత వ్యాసాలు. పిల్లలు తమ అసలు పేరు, ఫోను నంబరు, హాస్టల్ చిరునామా అక్కడ పెట్టవద్దు. వేరే పేరుతో ఖాతా తెరవవచ్చు.

రెండు: దినపత్రికల జిల్లా పేజీల్లో మన ఊళ్ళ వార్తలను కత్తిరించి పత్రిక పేరు, తేదీ, పేజీ సంఖ్యతో ఫైలు చేయాలి. వార్తను మక్కీకి మక్కీ దించకూడదు, సొంత మాటల్లో రాయాలి. భీమన్న గారు 2005లో మరణించారు. రచయిత పోయిన అరవై ఏళ్ళ దాకా హక్కులుంటాయి కాబట్టి ఆయన పుస్తకాల గురించి రాయవచ్చు గాని పుస్తకాలను ఎక్కించకూడదు.

మూడు: సొంత డబ్బా కొట్టుకోవద్దు. మన గురించి, మన హాస్టల్ గురించి మనమే వ్యాసం రాసుకోవడం అక్కడ మర్యాద కాదు. ఈ సంచికలో ఎంత పొగుడుకున్నా ఫర్వాలేదు!

నాలుగు: పూర్వ విద్యార్థులు ఏటా ఇద్దరికి దారిఖర్చులు భరించాలి. ఆ ఇద్దరిలో ఒకరు బాలికల హాస్టల్ నుంచి ఉండాలి. వెళ్ళేవారి ఎంపికకు ఒకే కొలత పెట్టుకుందాం: వెళ్ళే ముందు ఆధారాలతో కనీసం ఐదు వ్యాసాలు పెంచి ఉండాలి. పాత ల్యాప్‌టాప్ ఒకటి ఎవరైనా ఇస్తే బృందానికి ఎంతో మేలు.

ఐదు: ఎప్పుడూ మనమే బస్సెక్కాలని ఏముంది? అమలాపురంలో ఏదైనా కళాశాలలో ఒక రోజు శిక్షణ పెట్టమని తెలుగు వికీపీడియా వారిని రచ్చబండలోనే అడుగుదాం. అడగడానికి సిఫారసు ఉత్తరం అక్కరలేదు. భోజనాల ఏర్పాటు పూర్వ విద్యార్థులది. కొబ్బరిబొండాలకు కోనసీమలో కొదవా?

మిత్రులారా, మన అమ్మానాన్నలు వేలిముద్ర వేసిన కాగితాల మీద మన పేర్లు సంతకంతో నిలబెట్టడానికి ఈ హాస్టల్ మనకు అన్నం పెట్టి అక్షరం నేర్పింది. ఆ అక్షరంతో ఉద్యోగం సంపాదించడం మన హక్కు. అందులో వారానికి రెండు గంటలు మన ఊరి కోసం ఖర్చు పెట్టగలమా లేదా అన్నదే ఇప్పుడు ప్రశ్న. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఒక పేజీ ఖాళీగా ఉంచమని సంపాదకవర్గాన్ని కోరుతున్నాము. ఎన్ని వ్యాసాలు పెంచాం, ఎవరెవరు సమావేశానికి వెళ్ళి వచ్చారు, ఏ ఊరి పేజీలో ఏం చేరింది అన్న లెక్క అందులో వేద్దాం. ముందుకు వచ్చేవారు ఈ వార్షికోత్సవం రోజునే మమ్మల్ని కలవండి. ముగ్గురమూ భోజనాల షెడ్డు దగ్గరే ఉంటాం.